ఏది పాట, ఏది చప్పుడు? మా ఇంట్లో ప్రీఆంప్‌తో ఒక ఏడాది

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో మా చిన్నాన్న ఓడ దిగి ఇంటికొచ్చాడు. మర్చంట్ నేవీలో పని కాబట్టి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెస్తాడు. ఈసారి రెండు బరువైన అట్టపెట్టెలు. ఒకదాంట్లో సెకండ్ హ్యాండ్ క్యాసెట్ డెక్. రెండోదాంట్లో నల్లటి డబ్బా, ముందువైపు ఒకే ఒక పెద్ద గుండ్రటి నాబ్. స్పీకర్లూ పవర్ ఆంప్లిఫయరూ అంతకుముందు సెలవుల్లోనే తెచ్చి హాల్లో పెట్టాడు.

తాత మంచం మీంచి అడిగాడు: "ఏటిరా ఇది? పాట పాడతాదా?"

"పాడదు నాన్నా. ఇది ప్రీఆంప్లిఫయర్. పాటని ఇటు నుంచి అటు దాటిస్తాది."

"పాడందానికి అన్ని డబ్బులెందుకెట్టేవు?"

చిన్నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. ధర ఎంతో ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ మాత్రం ఒక బైకు రేటు ఉంటుందని అంచనా వేసింది. ఈ వ్యాసం తాత అడిగిన ప్రశ్నకి నా జవాబు. నేను ఆడియో ఎక్స్‌పర్ట్‌ని కాదు, సీఎస్ఈ రెండో సంవత్సరం. కానీ ఏడాది పాటు సెలవులన్నీ ఈ డబ్బాతోనే గడిపాను. దానికి ఒక కారణం ఉంది.

మా మామ్మ గొంతు ఒకే ఒక్క క్యాసెట్లో ఉంది. 1998లో చిన్నాన్న టూ-ఇన్-వన్‌లో రికార్డ్ చేశాడట. నాకు మూడేళ్ళప్పుడు ఆవిడ పోయింది. ఆవిడ గొంతు నాకు గుర్తు లేదు. తాతకి గుర్తుంది, కానీ ఆ టూ-ఇన్-వన్ పాడై పదేళ్ళు దాటింది. మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు సముద్రం పక్క ఊరు. ఇక్కడ చాలా ఇళ్ళలో ఉన్నట్టే మా ఇంట్లోనూ కిడ్నీ జబ్బు ఉంది. తాత వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు. వెళ్ళిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మెషిన్ పక్కన పడుకోవాలి. "ఆ నాలుగు గంటలూ దాని పాట చెవిలో ఉంటే బాగుణ్ణు" అని ఒకసారి అన్నాడు. చిన్నాన్న డబ్బాలు తెచ్చింది అందుకే. క్యాసెట్‌ని ఫైల్ చేసే పని నా మీద పడింది.

అసలు ఇది చేసే పని ఏంటి?

ఇంట్లో పాట వినడానికి మూడు భాగాలు కావాలి. పాట పుట్టే చోటు: క్యాసెట్ డెక్, సీడీ ప్లేయర్, రికార్డ్ ప్లేయర్, ల్యాప్‌టాప్. చివర్న స్పీకర్లని కదిలించే బలం: పవర్ ఆంప్లిఫయర్. ఈ రెండింటి మధ్యలో కూర్చునేదే ప్రీఆంప్.

దాని పనులు నాలుగు. ఏ సోర్స్ వినాలో ఎంచుకోవడం. సిగ్నల్ మరీ చిన్నదైతే పెంచడం. వాల్యూమ్ సరిచేయడం. ముందున్న మెషిన్‌కి భారం కాకుండా, వెనకున్న మెషిన్‌కి లోటు రాకుండా సిగ్నల్ అందించడం.

నాలుగోది కొంచెం వివరంగా చెప్పాలి. మేడ మీద ట్యాంకు ఉంది, పైపు సన్నగా ఉంది అనుకోండి. కింద ఒక్క కుళాయి కొంచెం తిప్పితే నీళ్ళు జోరుగా వస్తాయి. అన్నీ ఒకేసారి తిప్పేస్తే ప్రెషర్ పడిపోతుంది. కరెంటు సిగ్నల్‌దీ అదే వరస. క్యాసెట్ డెక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 1 కిలో ఓమ్ అనుకుందాం. దాన్ని 1 కిలో ఓమ్ ఉన్న ఇన్‌పుట్‌కి తగిలిస్తే సగం వోల్టేజి దారిలోనే పోతుంది. అదే 10 కిలో ఓమ్‌లు ఉంటే 91 శాతం అందుతుంది. అందుకే మంచి ప్రీఆంప్ తీసుకునేటప్పుడు ఎక్కువ ఇంపెడెన్స్‌తో తీసుకుంటుంది, ఇచ్చేటప్పుడు తక్కువ ఇంపెడెన్స్‌తో ఇస్తుంది. పైవాడిని ఇబ్బంది పెట్టదు, కిందవాడికి తక్కువ చేయదు.

నేను ఆశ్చర్యపోయిన సంగతి ఇంకోటి ఉంది. పేరు "ఆంప్లిఫయర్" కానీ ఇది రోజంతా చేసేది ఎక్కువగా తగ్గించడమే. సీడీ ప్లేయర్ ఫుల్ సౌండ్‌లో సుమారు 2 వోల్టులు ఇస్తుంది. చాలా పవర్ ఆంప్‌లకి పూర్తి శక్తితో మోగడానికి 1 నుంచి 2 వోల్టులు చాలు. అంటే నేరుగా కలిపితే ఊరంతా వినిపిస్తుంది. హాల్లో మనం వినే స్థాయికి రావాలంటే 30, 40 డెసిబెల్స్ తగ్గించాలి. 20 డెసిబెల్స్ అంటే వోల్టేజి పదో వంతు, 40 అంటే వందో వంతు. అంత చిన్న సిగ్నల్ పక్కన ప్రీఆంప్ సొంత చప్పుడు రవ్వంత కలిసినా వినబడిపోతుంది. డబ్బులు పోసేది ఆ రవ్వంత కలవకుండా ఉండటానికే.

నాబ్ వెనకాల ఆరు స్విచ్చులు

మామూలు సెట్‌లో వాల్యూమ్ నాబ్ వెనక పొటెన్షియోమీటర్ ఉంటుంది. కార్బన్ ట్రాక్ మీద ఒక లోహపు ముక్క జారుతుంది. ఎడమకి ఒక ట్రాక్, కుడికి ఒక ట్రాక్. రెండూ అచ్చంగా ఒకేలా తయారవ్వవు కాబట్టి బాగా తక్కువ సౌండ్‌లో పాట ఒక పక్కకి ఒరిగినట్టు వినిపిస్తుంది. కొన్నేళ్ళకి దుమ్ము చేరి నాబ్ తిప్పితే గరగర.

మా దాంట్లో నాబ్ తిప్పితే లోపల టిక్ టిక్ అని వినిపించింది. పాడైందేమో అని భయపడ్డాను. తర్వాత తెలిసింది, అవి రిలేలు. ఒక్కో చానెల్‌కి ఆరు. అవి 1, 2, 4, 8, 16, 32 డెసిబెల్స్ తగ్గిస్తాయి. మన డిజిటల్ లాజిక్ సార్ వింటే సంతోషిస్తారు, ఇది అచ్చంగా ఆరు బిట్ల బైనరీ నంబరు! 0 నుంచి 63 దాకా 64 మెట్లు, మెట్టుకి ఒక డెసిబెల్. 31 నుంచి 32కి మారినప్పుడు ఆరు బిట్లూ ఒకేసారి తిరగబడతాయి కదా, ఆ ఒక్క చోట టిక్ గట్టిగా వస్తుంది. ఎవరైనా ఇంటికొస్తే నేను ముందు చూపించేది అదే.

మెట్లు డెసిబెల్స్‌లో ఎందుకంటే మన చెవి కూడా లాగరిథమ్ లెక్కనే వింటుంది. వోల్టేజిని సమానంగా పెంచుకుంటూ పోతే మొదట్లో సౌండ్ ఒక్కసారిగా దూకినట్టు, తర్వాత అసలు మారనట్టు ఉంటుంది. డెసిబెల్స్‌లో పెంచితే ప్రతి మెట్టూ ఒకేలా వినిపిస్తుంది.

రికార్డ్ ఉంటే ఇంకో పని

తాత దగ్గర కొన్ని పాత ఎల్పీలు ఉన్నాయి, ఘంటసాల భగవద్గీత వాటిలో ఒకటి. ఎల్పీ గాడిలో బేస్‌ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి చాలా వెడల్పవుతుంది, ఒక వైపుకి ఎక్కువ సేపు పట్టదు. అందుకని చెక్కేటప్పుడే బేస్ తగ్గిస్తారు, సన్న శబ్దాలని పెంచుతారు. వాయించేటప్పుడు సరిగ్గా దానికి తిరగబెట్టాలి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది ఒకప్పుడు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉండేది. 1954 నుంచి ఆర్ఐఏఏ అనే ఒకే పద్ధతి వచ్చింది. వినేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే తగ్గించాలి. ఇది ఒకరకంగా ఎన్‌కోడ్, డీకోడ్ లాంటిదే.

పైగా మామూలు మూవింగ్ మ్యాగ్నెట్ పిన్ను ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే. దాన్ని 100 రెట్లు పెంచితే అర వోల్టు అవుతుంది. ప్రీఆంప్‌లో ఫోనో అని రాసి ఉన్న చోట ఈ రెండు పనులూ జరుగుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఈ పెంచే బేస్ భాగంలోనే ఉంది. అందుకే రికార్డ్ ప్లేయర్‌కి "మ్మ్మ్" అనే హమ్ మిగతా వాటికంటే తొందరగా పట్టుకుంటుంది.

ల్యాప్‌టాప్ ఉండగా ఇదెందుకు?

ఇది మా హాస్టల్ రూమ్‌మేట్ ప్రశ్న. న్యాయమైనదే. సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ తగ్గించడం అంటే ప్రతి శాంపిల్‌ని చిన్న నంబర్‌తో గుణించడం. ప్రతి 6 డెసిబెల్స్‌కి సుమారు ఒక బిట్ పోతుంది. 16 బిట్ల దాన్ని 40 డెసిబెల్స్ తగ్గిస్తే మిగిలేది 9 బిట్లు చిల్లర. 24 బిట్లయితే పోగొట్టుకోవడానికి చోటు ఉంటుంది, అప్పుడు పెద్ద నష్టం లేదు. కాబట్టి ఫోన్, ల్యాప్‌టాప్ తప్ప ఇంకేమీ వినని వాళ్ళకి ఖరీదైన ప్రీఆంప్ అక్కర్లేదు, మంచి డాక్ చాలు. క్యాసెట్టూ, రికార్డూ, సీడీ అన్నీ ఉన్న ఇంటికే ఇది పనికొస్తుంది.

మా ఊరు పెట్టిన పరీక్షలు

ప్రీఆంప్ గురించి చదివిన వాటిలో సముద్రం పక్కన ఎలా ఉంచుకోవాలో ఎక్కడా లేదు. మేమే నేర్చుకున్నాం.

మొదటిది ఉప్పుగాలి. వానాకాలం రెండు నెలలకే ఎడమ స్పీకర్లో చిటపటలు. విప్పి చూస్తే డబ్బాలో తప్పేమీ లేదు. కలిపిన వైర్ల ప్లగ్గుల మీద ఆకుపచ్చ చిలుము. అన్నీ ఆపేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి ప్లగ్గులన్నీ ఒకసారి తీసి పెడతాను, ఆ రాపిడికే పల్చటి చిలుము పోతుంది. బంగారు పూత ఉన్న ప్లగ్గులు షోకు కోసం అనుకునేవాణ్ణి. బంగారానికి చిలుము పట్టదు, మా ఊరికి అది అవసరమే. డబ్బా వెనక చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పడేశాం.

రెండోది కరెంటు బిల్లు. ఇలాంటివి ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలని కొందరంటారు. మా దాని వెనక 30 వాట్లు అని రాసుంది. రోజంతా, నెలంతా అంటే 21.6 యూనిట్లు. నాన్న లెక్క వినగానే స్విచ్ ఆపేశారు. చివరికి రాజీ: వినడానికి అరగంట ముందు ఆన్, వానాకాలంలో లోపల తేమ చేరకుండా రోజూ కాసేపు ఆన్. ఉరుములు మొదలైతే మాత్రం ప్లగ్గే పీకేస్తాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాం. అప్పట్నుంచి గాలి పెరిగితే ప్లగ్గులు పీకడం మా ఇంట్లో అందరికీ అలవాటు.

మూడోది కరెంటు పోవడం, రావడం. ఆన్ చేసేటప్పుడు ముందు ప్రీఆంప్, ఆఖర్న పవర్ ఆంప్. ఆపేటప్పుడు ముందు పవర్ ఆంప్. తిరగేస్తే ప్రీఆంప్ మేలుకునేటప్పుడు వచ్చే కుదుపు పెద్దదై స్పీకర్లో "ధబ్" మంటుంది. మా దాంట్లో మ్యూటింగ్ రిలే ఉంది, కరెంటు వచ్చాక కొన్ని సెకన్లు ఆగి "టక్" మని తలుపు తీస్తుంది. తాత ఇప్పుడు ఆ టక్ విని "కరెంటొచ్చింది" అంటాడు.

హమ్ ఎక్కడిది? డీబగ్గింగ్

అసలు పనికి వద్దాం. టెక్కలిలో టేప్ రికార్డర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి డెక్ తీసుకెళ్ళాం. బెల్టు జిగురై కరిగిపోయింది, మార్చారు. మా క్యాసెట్ పెట్టి విని, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని కొంచెం కొంచెం తిప్పారు. రికార్డ్ చేసిన మెషిన్ హెడ్ ఎంత వంపులో ఉందో, వాయించే హెడ్ కూడా అంతే వంపులో ఉండాలి, లేకపోతే సన్న శబ్దాలు మూసుకుపోతాయి. "స, ష స్పష్టంగా వినబడే దాకా తిప్పాలి బాబూ, మీటర్ అక్కర్లేదు" అన్నారాయన.

ఇంటికొచ్చి ప్రీఆంప్ వెనక టేప్ అవుట్ నుంచి నా ల్యాప్‌టాప్‌కి, ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చిన యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కలిపాను. టేప్ అవుట్ వాల్యూమ్ నాబ్ కంటే ముందే బయటికొస్తుంది, మనం వినే సౌండ్ ఎంత పెంచినా రికార్డింగ్ మారదు. ప్లే నొక్కాను. మామ్మ గొంతు కంటే ముందు "మ్మ్మ్మ్" అనే హమ్. గొంతు దాని కింద ఎక్కడో.

అందరి చూపూ కొత్త డబ్బా మీదే. నేను కోడ్‌లో బగ్ వెతికినట్టే వెతికాను. అన్ని వైర్లూ పీకేసి ప్రీఆంప్, పవర్ ఆంప్ మాత్రమే ఉంచాను, నిశ్శబ్దం. డెక్ కలిపాను, నిశ్శబ్దం. ల్యాప్‌టాప్ కలిపాను, హమ్. ఛార్జర్ పీకాను, పోయింది!

ఇది గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాప్ ఛార్జర్ ఒక గోడ సాకెట్లో, పవర్ ఆంప్ ఇంకో గోడ సాకెట్లో ఉన్నాయి. రెండూ మూడు పిన్నులవే. ఎర్త్ వైరు రెండు చోట్ల నుంచి వచ్చి, ఆడియో వైరు ద్వారా మళ్ళీ కలిసి గుండ్రంగా చుట్టుకుంది. ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంటే అది పాటలోకి దిగుతుంది. మందు సులువు: అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం, రికార్డ్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపడం. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. హమ్ పోవచ్చు, కానీ షాక్ కొడితే కాపాడేది ఆ పిన్నే. మాది ఇసక నేల, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. నాన్న ఇప్పుడు ఉప్పూ బొగ్గూ వేసిన ఆ గుంతలో నీళ్ళు పోయడం మర్చిపోరు.

ఇంకో చప్పుడు కూడా దొరికింది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే "జుయ్య్" అని. మాది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. గోడ కరెంటు సైన్ వేవ్, మెత్తగా ఉంటుంది. స్క్వేర్ వేవ్ అంటే 50తో పాటు 150, 250, 350 అలా బేసి హార్మోనిక్స్ అన్నీ వస్తాయి. సెకండ్ సెమ్‌లో ఫోరియర్ సిరీస్ లెక్కలు ఎందుకు చేశామో ఆ రోజు చెవులతో తెలిసింది. ప్రీఆంప్ ఆ చప్పుళ్ళేవీ పుట్టించలేదు. తను ఏమీ కలపదు కాబట్టి మా ఇంటి కరెంటులో ఉన్న లోపాలన్నీ బయటపెట్టింది, అంతే.

మామ్మ పాట

ఒక రాత్రి, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, ఫ్యాన్లు ఆపి, బ్యాటరీ మీద, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేశాను. ఒక వైపు 30 నిమిషాలు, మోనో, సుమారు 260 ఎంబీ. మామ్మ జీడిపిక్కలు కొడుతూ పాడుతోంది. పెళ్ళి పాటలు, మధ్యలో ఎవరినో కేకేయడం. నాకు ఆవిడ గొంతు మొదటిసారి వినిపించింది ఆ రాత్రే. మా అత్తలా ఉంది.

టేప్ హిస్ "స్స్స్" మాత్రం మిగిలింది. అది క్యాసెట్ స్వభావం. నేను ఊరుకుంటానా? ఆడాసిటీలో పాట లేని ఒక సెకను చూపించి, ఇది చప్పుడు అని నేర్పి, మొత్తం ఫైల్ లోంచి తీసేయమన్నాను. గొంతు అద్దంలా వచ్చింది. గర్వంగా తాతకి ఇయర్‌ఫోన్స్ పెట్టాను.

రెండు నిమిషాలు విన్నాడు. "పాట బాగుందిరా. మరి సముద్రమేది?"

నాకు అర్థం కాలేదు.

"పిక్కల సప్పుడు సన్నబడిపోనాది. ఎనకాల సముద్రం హోరు ఉండాల. అది పెరట్లో కూకుని పాడినాది కదా."

మళ్ళీ ఒరిజినల్ విన్నాను. నిజమే. నేను హిస్ అనుకున్నదాంట్లో సగం సముద్రం. హోరూ, టేప్ హిస్సూ రెండూ అన్ని ఫ్రీక్వెన్సీల్లో పరుచుకున్న శబ్దాలే, ఆ అల్గారిథమ్‌కి తేడా తెలీదు. దానికి పాట లేని సెకనే చూపించాను, ఆ సెకనులో సముద్రం ఉంది. పిక్క పగిలే చిన్న శబ్దాలు కూడా వాటితో పాటు పల్చబడ్డాయి. గాలికి కొబ్బరాకులు కదిలే శబ్దం కూడా ఉంది, తిత్లీకి పడిపోయిన చెట్లవి.

"మరి ఆ స్స్ అనే సప్పుడు ఉంటుంది తాతా, పర్లేదా?"

"ఉంటే ఉన్నీ. ఒగ్గెయ్."

తాత మొదటి రోజు అడిగిన ప్రశ్నకి జవాబు నాకు అప్పుడు దొరికింది. మా ఇంటి హమ్ మామ్మది కాదు, అది పోవాల్సిందే. సముద్రం ఆవిడది, అది ఉండాల్సిందే. ఏది పాట, ఏది చప్పుడు అని తేల్చాల్సింది వినే మనిషి. నా సాఫ్ట్‌వేర్ ఆ నిర్ణయం తనే తీసేసుకుంది. ప్రీఆంప్ తీసుకోలేదు. తనది ఏమీ కలపలేదు, ఆవిడది ఏమీ తీయలేదు. పాడని డబ్బాకి చిన్నాన్న డబ్బులు పెట్టింది అందుకు.

మీ ఇంట్లో క్యాసెట్ ఉంటే

ఖరీదైన ప్రీఆంప్ లేకపోయినా పర్లేదు. బాగా నడిచే డెక్, లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ చాలు, ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ మాత్రం వాడకండి. ప్లే చేసే ముందు క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెండి. హెడ్‌ని ఆల్కహాల్‌తో తుడవండి. హమ్ వస్తే ఛార్జర్ పీకి చూడండి. శుభ్రం చేయని ఒరిజినల్ ఫైల్‌ని రెండు మూడు చోట్ల దాచండి. శుభ్రం చేయాలనుకుంటే కాపీ మీద చేయండి, ఆ మనిషిని ఎరిగిన పెద్దవాళ్ళకి వినిపించాకే సరే అనుకోండి. టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

తాత ఫోన్లో ఇప్పుడు ఒరిజినల్ ఫైలే ఉంది. పలాస వెళ్ళే రోజు ఇయర్‌ఫోన్స్ జేబులో పెట్టుకున్నాడో లేదో అమ్మ ఒకసారి చూసి పంపిస్తుంది.